ఆడవాళ్ల ఓటు చరిత్ర వెతుక్కుంటూ విజయనగరం, శ్రీకాకుళం

ఓటు హక్కు కథ కోసం అక్కా నేనూ తిరిగాం కాబట్టి గుళ్లూ బీచ్‌ల గురించి రాయట్లేదు. టైం తక్కువుంటే శ్రీకాకుళంలోనే దిగండి.

విజయనగరం కోట చూడాల్సిందే, గంటస్తంభం బజారూ బాగుంది. కానీ ఓటు గురించి మాకెక్కడా ఒక్క బోర్డు కనబడలేదు, నిజంగా బాధేసింది. అప్పట్లో ఈ ఊరు విశాఖ జిల్లా, శ్రీకాకుళం గంజాం జిల్లా, రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. 1917లో సరోజినీ నాయుడు బృందం మద్రాసులో భారత వ్యవహారాల బ్రిటిష్ మంత్రి మాంటేగుని కలిసి మగవాళ్లతో సమానంగా ఓటు అడిగింది, ఆ పని వెనక ఐర్లండు నుంచి వచ్చిన మహిళా హక్కుల ఉద్యమకారిణి మార్గరెట్ కజిన్స్ ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం ఆ నిర్ణయం ఇక్కడి కౌన్సిళ్లకి, అంటే చట్టసభలకి వదిలేస్తే, బ్రిటిష్ రాష్ట్రాలన్నిటికంటే ముందు 1921లో ఒప్పుకున్నది మన మద్రాసే. ఫ్రాన్సులో 1944 దాకా రాలేదు! అయితే ఆస్తో పన్నో ఉన్నవాళ్లకే, కూలికెళ్లే ఆడవాళ్లకి లేనట్టే.

అందుకే మందస దగ్గర గుడారి రాజమణిపురం తప్పకుండా వెళ్లండి. 1940లో జమీందారీ మీద రైతులు తిరగబడినప్పుడు పోలీసు కాల్పుల్లో రైతు మహిళ వీర గున్నమ్మ ప్రాణం పోయింది అక్కడే. పలాస దాకా రైల్లో వెళ్లి ఆటో మాట్లాడుకోండి, రానూపోనూ ముందే బేరమాడాలి.

నాకు బాగా నచ్చింది ఖాదీకి పేరున్న పొందూరు. వాలుగ చేప దవడ ఎముక పట్టుకుని, ఆ సన్న పళ్లతో పత్తిని కొంచెం కొంచెంగా దువ్వుతూ నలుసులు తీస్తున్న ఒక ముసలావిణ్ణి ఓటు వేస్తారా అనడిగితే, చెయ్యి ఆపకుండానే "ఒక్కపాలి కూడా మాన్లేదు తల్లీ" అంది.

బస్సులకి ఫుల్ మార్కులు. స్త్రీశక్తి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఆడవాళ్లకి ఉచితం, ఓటరు కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టిచ్చాడు.

బస దగ్గరే చిరాకు. ఒక లాడ్జిలో "మగవాళ్లెవరూ రాలేదా" అనడిగి, రిజిస్టర్లో భర్త పేరు రాయకపోతే రూమివ్వనన్నాడు. మొదటి సాధారణ ఎన్నికలప్పుడు ఫలానా వాడి భార్య, ఫలానా వాడి తల్లి అనే తప్ప సొంత పేరు చెప్పలేదని, ఎక్కువగా ఉత్తరాదిలో, దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్లని జాబితాలోంచి తీసేశారు. ఇన్నేళ్లకీ ఇదే ప్రశ్నా అని అక్క అక్కడే గట్టిగా అడిగేసింది. పక్క వీధి లాడ్జిలో ఆధార్ తీసుకుని తాళం ఇచ్చేశారు, రూము చిన్నదే కానీ శుభ్రంగా ఉంది, వేణ్నీళ్లూ వచ్చాయి. శ్రీకాకుళం రైలు స్టేషన్ ఆమదాలవలసలో ఉంటుంది, ఊళ్లోకి దూరమే, రాత్రి బండిలో దిగేవాళ్లు ఆటో సంగతి ముందే చూసుకోండి.