బోలు కొల్లాజెన్ గొట్టం: తెగిన నరానికి ఎంతవరకు పనికొస్తుంది?

తెగిన నరం కొసల మధ్య ఖాళీని కలిపే గొట్టాల్లో న్యూరాజెన్ పేరు చాలామంది సర్జన్లకు తెలుసు. పశువుల స్నాయువు నుంచి తీసిన టైప్ 1 కొల్లాజెన్ అనే ప్రోటీన్‌తో చేస్తారు. అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి 2001లో వచ్చింది. సెంటీమీటరు లోపు ఖాళీకి, వేలి నరాల్లాంటి సన్నని స్పర్శ నరాలకు ఇది మంచి వస్తువు. గొట్టం 3 సెం.మీ. పొడవుంది కదా అని అంత ఖాళీకీ వాడితే మాత్రం చాలాసార్లు నిరాశే మిగులుతుంది.

ఎందుకంటే నరాన్ని బాగుచేసేది గొట్టం కాదు, నరం తంతువులను చుట్టి ఉండే ష్వాన్ కణాలు. నరం తెగిన ఒకటి రెండు రోజుల్లో కింది భాగంలోని ఆక్సాన్లు (నరకణాల పొడవాటి తంతువులు) ముక్కలవడం మొదలవుతుంది. అక్కడి ష్వాన్ కణాలు ఆక్సాన్ చుట్టూ ఉండే మైలిన్ పొర తయారీ ఆపేస్తాయి. వాటిలో సి-జున్ అనే ప్రోటీన్ పెరిగి, అవి మరమ్మతు కణాలుగా మారతాయి. పాత మైలిన్‌ను కొంత తామే అరిగించుకుని, మిగతాదాన్ని తీసేయడానికి చెత్తను మింగే మాక్రోఫేజ్ కణాలను రప్పిస్తాయి. ఎన్‌జీఎఫ్, బీడీఎన్‌ఎఫ్, జీడీఎన్‌ఎఫ్ లాంటి పోషక ప్రోటీన్లు వదులుతాయి. ఆపైన ఆక్సాన్లు ఉన్న పాత నాళికల్లోనే బారులు తీరతాయి. వీటినే బుంగ్నర్ పట్టీలంటారు. ఆక్సాన్ ఈ బారును పట్టుకునే రోజుకు సుమారు 1 మి.మీ. చొప్పున సాగుతుంది.

బోలు గొట్టంలో ఆ బారు ఉండదు. ముందు కొసల నుంచి ఊరిన ద్రవం నిండుతుంది, మొదటి వారంలో దానిలోని ఫైబ్రిన్ అనే గడ్డకట్టే ప్రోటీన్ తీగలా పేరుకుంటుంది. రెండువైపుల నుంచీ ష్వాన్ కణాలు ఆ తీగ మీదుగా పాకి మధ్యలో కలవాలి. ఖాళీ పెరిగేకొద్దీ తీగ నడుమ సన్నబడుతుంది, ఒక్కోసారి ఏర్పడనే ఏర్పడదు. అప్పుడు కణాలకు దారి లేదు, కణాలు రాకపోతే ఆక్సానూ రాదు. పొడవు ఖాళీలకు, కండరాలను కదిలించే నరాలకు రోగి సొంత పిక్క వెనక సూరల్ నరం నుంచి తీసి అతికే ముక్క (గ్రాఫ్ట్)దే ఇప్పటికీ పైచేయి కావడానికి కారణం ఇదే: దానితోపాటు బతికున్న ష్వాన్ కణాలూ, వాటి నాళికలూ వస్తాయి.

వాడకంలో ఎక్కువగా చెడేది కొలత దగ్గరే. గొట్టం లోపలి వ్యాసం నరం కంటే అర మి.మీ. నుంచి 1 మి.మీ. ఎక్కువ ఉండాలి. బిగుతుగా ఉంటే వాచిన కొస నలిగిపోతుంది. మైక్రోస్కోపు కింద కొసను పలచగా కోస్తూ పోవాలి, ఆరోగ్యమైన ఫాసికిల్స్ (నరం లోపలి తంతువుల కట్టలు) ఉబ్బి కనబడితేనే ఆపాలి. మచ్చ కణజాలం మిగిలితే ష్వాన్ కణాలు దాన్ని దాటి రాలేవు. కొసలను కోశాకే, కీలు చాచి ఖాళీని కొలవాలి. గొట్టాన్ని సెలైన్‌లో కొన్ని నిమిషాలు నానబెట్టి మెత్తబడ్డాకే కుట్టాలి.

కుట్టుకు 8-0 లేదా 9-0 సైజు సన్నని నైలాన్ దారం సరిపోతుంది. గొట్టం అంచుకు 2 మి.మీ. దూరంలో సూదిని బయటి నుంచి లోపలికి గుచ్చి, నరం పైపొరను అడ్డంగా పట్టి, మళ్లీ బయటికి తీయాలి. దారం లాగితే కొస 2 మి.మీ. లోపలికి జారుతుంది. అంటే 8 మి.మీ. ఖాళీకి కనీసం 12 మి.మీ. గొట్టం కావాలి. ఇక్కడే చాలామంది పొట్టిగా కోసేస్తారు, ఆ తర్వాత నరం మీద లాగుడు పడుతుంది. రెండో కొస కుట్టాక సన్నని కాన్యులాతో గొట్టంలోకి సెలైన్ ఎక్కించి గాలి బుడగలను, రక్తపు గడ్డలను కడిగేయాలి. టోర్నికే (రక్తప్రవాహం ఆపే పట్టీ) వదిలి రక్తస్రావం ఆపకుండా గాయం మూయకూడదు. ఫైబ్రిన్ తీగ కణాలకు దారి ఇస్తుంది, దట్టమైన రక్తపు గడ్డ అదే దారిని మూసేస్తుంది.

తర్వాత టినెల్ పరీక్ష తప్పనిసరి. నరం వెంట వేలితో తట్టినప్పుడు జివ్వుమనే చోటు నెలనెలా కిందికి జరగాలి. మూడు నాలుగు నెలలైనా గొట్టం దగ్గరే ఆగిపోతే మళ్లీ తెరిచి గ్రాఫ్ట్ వేసే ఆలోచన చేయాలి. ఆక్సాన్ తగలకుండా నెలలు గడిచేకొద్దీ కింది భాగంలోని ష్వాన్ కణాల మరమ్మతు శక్తి తగ్గిపోతుంది.