అడవి మంటల ఎస్సెమ్మెస్: నల్లమల అంచు ఊళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

అడవిలో మంట లేస్తే ఉపగ్రహం పసిగట్టి మన ఫోన్‌కు కబురు పంపే సేవ ఒకటి ఉచితంగా ఉంది. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా (ఎఫ్‌ఎస్‌ఐ) 2004 నుంచి ఈ హెచ్చరికలు ఇస్తోంది. 2019లో మూడో వెర్షన్ వచ్చింది. ఇది ఫారెస్టు సిబ్బందికే పరిమితం కాదు, ఎవరైనా నమోదు చేసుకోవచ్చు. నాగర్‌కర్నూల్, ప్రకాశం, నంద్యాల జిల్లాల్లో అడవిని ఆనుకుని పొలాలు, తోటలు, పశువుల దొడ్లు ఉన్నవాళ్లు తప్పకుండా పెట్టుకోవాల్సిన సేవ ఇది. అయితే మెసేజ్‌లో ఏముందో చదవడం తెలియకపోతే సగం ప్రయోజనమే దక్కుతుంది.

ఎఫ్‌ఎస్‌ఐ వాళ్ల వన్ అగ్ని పోర్టల్‌లో పేరు, మొబైల్ నంబరు ఇచ్చి మనకు కావాల్సిన ప్రాంతం ఎంచుకోవాలి. జిల్లా మొత్తం పెట్టుకోవద్దు. మార్చిలో మెసేజ్‌లు వచ్చిపడుతుంటే నాలుగో రోజుకే చూడటం మానేస్తారు. అలాగని ఒక్క బీటే (ఒక బీట్ ఆఫీసర్ చూసుకునే అడవి ముక్క) పెట్టుకున్నా చిక్కే. పక్క బీట్‌లో లేచి గాలివాటున గట్టు దాటి వచ్చే మంట సంగతి తెలియదు. కొన్ని బీట్లు కలిసిన రేంజ్ స్థాయి సరిగ్గా సరిపోతుంది. ఫిబ్రవరి మొదటి వారానికల్లా నమోదు చేసుకోవాలి. టేకు, మద్ది, చిరుమాను ఆకు రాల్చేది అప్పుడే.

కబురు ఎంత త్వరగా వస్తుందనేది ఉపగ్రహం ఎప్పుడు మన మీదుగా వెళుతుందన్న దాన్నిబట్టి ఉంటుంది. ఇందులో ప్రధానమైనది వీఐఐఆర్‌ఎస్ అనే పరికరం. అది ఉన్న ఉపగ్రహాలు మధ్యాహ్నం ఒంటిగంటన్నర, రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతంలో, ఓ గంట అటూఇటూగా మన మీదుగా పోతాయి. ఆ డేటాను మన షాద్‌నగర్‌లోని ఇస్రో వారి ఎన్‌ఆర్‌ఎస్‌సీ కేంద్రమే నేరుగా అందుకుని డెహ్రాడూన్‌కు పంపుతుంది. అందుకే మధ్యాహ్నం మంట కబురు ఆ పూటే వస్తుంది. సాయంత్రం నాలుగింటికి అంటుకున్న మంటను మాత్రం అర్ధరాత్రి దాటాక వెళ్లే ఉపగ్రహమే చూడాలి. పశువుల కాపరి చుట్టముక్క వల్లనో, ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకు కాల్చడం వల్లనో లేచే మంటల్లో చాలా వరకు పగలు మొదలవుతాయి. ఉపగ్రహం వెళ్లిపోయాక మొదలైతే రాత్రి దాకా అది మీ కంటికే తెలియాలి. మెసేజ్ రాలేదంటే మంట లేదని అర్థం కాదు.

ఇక చోటు గురించి. మెసేజ్‌లో అక్షాంశం, రేఖాంశం వస్తాయి. అది మంట ఉన్న కచ్చితమైన బిందువు కాదు. వీఐఐఆర్‌ఎస్ చిత్రంలో ఒక్కో గడి (పిక్సెల్) వెడల్పు 375 మీటర్లు, ఉపగ్రహం నేరుగా కాకుండా పక్కనుంచి చూస్తే అది ఇంకా పెరుగుతుంది. మెసేజ్ చెప్పేది ఆ గడి మధ్య బిందువు. మోడిస్ అనే మరో ఉపగ్రహ పరికరం నుంచి వచ్చిందైతే గడి వెడల్పు ఏకంగా కిలోమీటరు. కాబట్టి చెప్పిన చోటికి వెళ్లి ఏమీ కనిపించలేదని వెనక్కి రాకండి. అర కిలోమీటరు చుట్టుపక్కల, ముఖ్యంగా గాలి వీచే దిక్కున, వాలు పైభాగాన చూడండి.

ఎక్కువమంది పొరబడే చోటు మరొకటి ఉంది. 16.25 అని వస్తే 16 డిగ్రీల 25 నిమిషాలు అనుకుని జీపీఎస్‌లో కొడతారు. అసలు అది 16 డిగ్రీల 15 నిమిషాలు. ఆ పది నిమిషాల తేడాకు మీరు 18 కిలోమీటర్ల అవతల తేలతారు. ఫోన్ మ్యాపులో దశాంశం దశాంశంగానే కొట్టండి, చేతి జీపీఎస్‌లో కూడా ముందు సెట్టింగు చూసుకోండి. దశాంశం తర్వాత మూడో అంకె ఒకటి మారితే చోటు సుమారు 110 మీటర్లు మారుతుంది. ఈ లెక్క గుర్తుంచుకుంటే రెండు మెసేజ్‌ల మధ్య మంట ఎటు కదిలిందో మ్యాపు లేకుండానే అంచనా కట్టవచ్చు.

తప్పుడు కబుర్లు ఉంటాయి. అడవి హద్దు పక్కనే మొక్కజొన్న దంటు, మిరప కట్టె తగలబెడితే ఆ పిక్సెల్ అడవిలోకి వచ్చి కూర్చుంటుంది. సున్నపు బట్టీ, సిమెంటు ఫ్యాక్టరీ లాంటివైతే రోజూ, రాత్రి కూడా, అదే చోట చుక్క చూపిస్తాయి. దాన్నిబట్టి వాటిని తేలిగ్గా ఏరేయవచ్చు. దీనికంటే ఇబ్బందిపెట్టేది కనబడని మంట. దట్టమైన చెట్ల కింద మోకాలెత్తు కూడా లేకుండా ఆకు మీద పాకే మంటను ఉపగ్రహం చాలాసార్లు పట్టుకోలేదు. మబ్బు ఉంటే దానికి ఏ మంటా కనబడదు.

ఉపగ్రహాలు పసిగట్టిన మంటలను చుక్కలుగా చూపే నాసా వాళ్ల ఫర్మ్స్ మ్యాపునూ పక్కన పెట్టుకోండి. అమెరికా వాతావరణ సంస్థ ఎన్‌ఓఏఏ ఉపగ్రహాల చుక్కలు కూడా అందులో ఉంటాయి. మంట ఎంత బలంగా ఉందో, గుర్తింపు ఎంత నమ్మదగినదో చూపిస్తుంది. సమయం మాత్రం అంతర్జాతీయ గడియారంలో ఇస్తుంది, ఐదున్నర గంటలు కలుపుకోవాలి. బీటు పేరుతో సహా చెప్పడంలో మన ఎఫ్‌ఎస్‌ఐదే పైచేయి. ఫర్మ్స్‌కు మన బీట్లు తెలియవు.

ఎఫ్‌ఎస్‌ఐ రానున్న వారానికి ముందస్తు హెచ్చరికలు కూడా ఇస్తుంది. ఉష్ణోగ్రత, వాన, అడవి రకం, ఆ చోట గతంలో మంటలు వచ్చిన తీరు అన్నీ కలిపి గడులుగా ప్రమాదం చూపిస్తుంది. ఇది ఎక్కువమంది పట్టించుకోని భాగం. ఫైర్ వాచర్లను ఏ గట్టుకు పంపాలో, ఫైర్ లైన్ (మంట దాటకుండా శుభ్రం చేసి ఉంచే బాట) మీద రాలిన ఆకును ముందు ఎక్కడ ఊడ్చాలో తేల్చుకోవడానికి పనికొచ్చేది ఇదే.

వడగాడ్పుల హెచ్చరికతో దీన్ని కలిపి చూసేవాళ్లు ఒక సంగతి గమనించాలి. వాతావరణ శాఖ మైదానాల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరి, సాధారణం కంటే 4.5 డిగ్రీలు పెరిగితే వడగాడ్పు అంటుంది. 45 తాకితే తేడాతో పనిలేకుండా వడగాడ్పే, 47 తాకితే తీవ్ర వడగాడ్పు. ఇవి మనుషుల ప్రాణం కోసం పెట్టిన కొలతలు. 2015 మేలో రెండు రాష్ట్రాల్లో వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి, వాటి అవసరం గురించి రెండో మాట లేదు. అడవి లెక్క మాత్రం వేరు. మన ఆకురాల్చే అడవుల్లో మంటలు ఎక్కువగా లేచేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు, మే ఎండలకు ముందే. 2014లో శేషాచలం తగలబడి తిరుమల కొండ మీదికి వైమానిక దళ హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది కూడా మార్చిలోనే. వడగాడ్పులకు ఎరుపు రంగు హెచ్చరిక రాలేదు కదా అని మార్చిలో నిశ్చింతగా ఉండటానికి లేదు.

మంటకు ఉష్ణోగ్రత కంటే గాలిలో తేమ, గాలి వేగం, వాన పడి ఎన్నాళ్లయిందన్నవి ముఖ్యం. పైన రాలిన సన్నాకు, బోదగడ్డి ఒక్కరోజు ఎండకే గలగలలాడతాయి. కింది ఆకు పొర ఎండటానికి రెండు వారాలు పడుతుంది. మొద్దులకు, లోపలి మట్టికి నెలకు పైనే. ఎండలు వదలకుండా వారాల తరబడి కాస్తే మంట ఆర్పడం కష్టమయ్యేది ఇందుకే. పైమంట చల్లారినా మొద్దులో నిప్పు ఉండిపోయి, మర్నాడు మధ్యాహ్నం గాలికి మళ్లీ లేస్తుంది. తెలంగాణలో రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంస్థకు వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు ఉన్నాయి, వాటిలో మీ మండలం తేమ చూడండి. మధ్యాహ్నం తేమ 20 శాతం దిగువకు పడి గాలి ఊపందుకుంటే, మెసేజ్ వచ్చినా రాకపోయినా ఆ రోజు కాపలా ఉండాల్సిందే.

మెసేజ్ వచ్చాక చేయాల్సింది ముందు బీట్ ఆఫీసర్‌కు ఫోన్. ఊరివాళ్లు సాయం వెళ్తే కాటన్ బట్టలు, కాళ్లకు బూట్లు, మనిషికి కనీసం మూడు లీటర్ల నీళ్లు ఉండాలి. మంట కింద ఉండగా వాలు మీద మనం పైన నిలబడకూడదు. వాలు ప్రతి పది డిగ్రీలకు మంట వేగం దాదాపు రెట్టింపవుతుంది, ఎదురెక్కి తప్పించుకోలేం. పక్కలనుంచి పచ్చికొమ్మలతో కొట్టుకుంటూ మొనవైపు వెళ్లాలి. ఆకు ఊదే యంత్రం (బ్లోయర్) ఉంటే ఆకును ఇంకా కాలని వైపుకు కాక, కాలిపోయిన వైపుకు ఊదాలి. తిప్పి ఊదితే నిప్పురవ్వలు లైను దాటుతాయి. వచ్చే మంటకు ఎదురుగా మనమే నిప్పు పెట్టే ఎదురుమంట సిబ్బంది పని, గాలి తిరిగితే అది రెండో మంట అవుతుంది.

లోపాల్లో మొదటిది భాష. మెసేజ్ ఇంగ్లిషులో వస్తుంది. చెంచు పెంటల (గూడేల) నుంచి వచ్చే ఫైర్ వాచర్లకు, మేకల కాపరులకు అది తెలుగులో, బీటు పేరుతోపాటు దగ్గర్లోని కుంటో వాగో గుర్తుచెబుతూ రావాలి. రెండోది సిగ్నల్. నల్లమల లోపలికి వెళ్లేకొద్దీ ఫోన్లు మూగబోతాయి, ఎస్సెమ్మెస్ సాయంత్రం రోడ్డెక్కాక మోగుతుంది. అటవీ సిబ్బంది బేస్ క్యాంపుల్లో వైర్‌లెస్ సెట్లు ఉన్నాయి. కాబట్టి నమోదు చేసే నంబరు అడవిలో తిరిగే మనిషిది కాకుండా, సిగ్నల్ ఉన్న ఊళ్లో ఉండి సెట్‌లో కబురు అందించగల మనిషిదై ఉండాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆ పనికి రాత్రి రెండు గంటలకూ ఒకరు మెలకువగా ఉండేలా వంతులు వేసుకోండి.