ప్రాగ్‌లో డబ్బు మార్చుకునే ముందు ఇది చదవండి

బెర్లిన్‌లో మా ఇంటికి వచ్చిన అమ్మానాన్నలకి ప్రాగ్ చూపిద్దామని శనివారం పొద్దున్నే రైలెక్కాం. నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం, ఎల్బే నది పక్కన కొండల మధ్య నుంచి హాయిగా సాగింది. ఊరి అందానికి వంక పెట్టలేం. కానీ దిగిన కాసేపటికే పాతబస్తీలో ఒక మనీ ఎక్స్‌ఛేంజ్ కౌంటర్ వాడు మమ్మల్ని నిలువునా ముంచాడు. వెళ్లేవాళ్లందరికీ అది తెలియాలనే రాస్తున్నాను.

చెక్ రిపబ్లిక్ యూరోపియన్ యూనియన్‌లోనే ఉన్నా అక్కడ చెల్లేది కొరునా. జేబులో కాస్త నగదు లేకపోతే నాన్నకి తోచదు. అద్దం మీద ‘0% కమీషన్’ అని పెద్దక్షరాలు చూసి 200 యూరోలు లోపలికి ఇచ్చారు. ఆ వారం యూరో దాదాపు 25 కొరునాలు పలుకుతోంది, అంటే 5,000 చేతికి రావాలి. వాడు లెక్కపెట్టింది 3,200! బోర్డు మీద కొట్టొచ్చినట్టు కనిపించేది వాళ్లు యూరోలు అమ్మే రేటు. మన దగ్గర కొనే రేటు 16 అని అడుగున చీమ తలకాయంత రాశారు. ఇదేమిటని అడిగితే రసీదు మీద నాన్న సంతకం చూపించి ముఖం తిప్పుకున్నాడు.

మన లెక్కలో ఆరున్నర వేల రూపాయల నష్టం. నాన్న గెస్ట్‌హౌస్ దాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన పక్కన నడుస్తున్న అమ్మ కూడా నోరెత్తలేదు.

రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి సంగతి విని, రసీదు మీద టైము చూసి, ‘ఇంకా గంటన్నర ఉంది, వెంటనే వెళ్లండి’ అంది. 2019 ఏప్రిల్ నుంచి అక్కడ చట్టం ఉంది: 1,000 యూరోల లోపు మార్పిడి అయితే మూడు గంటల్లోగా రద్దు చేసుకోవచ్చు, కారణం చెప్పక్కర్లేదు. రసీదు మాత్రం ఉండాలి. ఆ మాటే చెక్ భాషలో కాగితం మీద రాసిచ్చింది. ట్రామెక్కి పరుగున వెళ్లాం. అప్పటిదాకా చక్కగా ఇంగ్లీషు మాట్లాడినవాడు ఒక్కసారిగా ఏమీ అర్థం కానట్టు చూశాడు. ఎక్స్‌ఛేంజ్‌ల మీద అజమాయిషీ చెక్ నేషనల్ బ్యాంకుది. అక్కడ ఫిర్యాదు చేస్తామన్నాక నాలుగు యాభై యూరోల నోట్లు కౌంటర్ మీద పడేశాడు. నాన్న ఒక్కో నోటూ వెలుతురుకి ఎత్తి చూసుకుని గానీ జేబులో పెట్టలేదు. ఆ అమ్మాయికి ఎన్నిసార్లు థాంక్స్ చెప్పినా తక్కువే.

నా మాట వింటే బ్యాంకుల ఏటీఎంలోనే తీసుకోండి. యూరోల్లో లెక్క వేయమంటారా అని స్క్రీన్ మీద అడిగితే వద్దనండి. రోడ్డు మీద మంచి రేటంటూ వచ్చేవాళ్ల దగ్గరికి అసలు పోకండి, చెల్లని పాత విదేశీ నోట్లు అంటగడతారు.

ఆదివారం ఇబ్బంది లేకుండా గడిచింది. 24 గంటల ట్రామ్ టికెట్‌కి అప్పుడు మనిషికి 120 కొరునాలు పెట్టాం. ఎక్కగానే పసుపు మిషన్‌లో ముద్ర వేయించాలి. 22 నంబరు ట్రామ్ కోట దగ్గరే దింపుతుంది. కోట ప్రాంగణంలో తిరగడం ఉచితం. లోపలి భవనాలకి మేం 450 చొప్పున పెట్టాం, ఆ డబ్బుకి సెయింట్ వైటస్ చర్చి ఒక్కటీ చాలు. 1344లో మొదలుపెట్టి 1929లో ముగించారంటే నాన్న నమ్మలేదు. పాతబస్తీలోని 1410 నాటి ఖగోళ గడియారం కింద మాత్రం ఒక్క నిమిషం బొమ్మలాట కోసం జనం తోసుకుంటున్నారు, జేబులు జాగ్రత్త.

చార్లెస్ వంతెనకి పొద్దున ఆరింటికల్లా వెళ్లండి, పది దాటితే అడుగు పడదు. వంతెన మీద నెపోముక్ అనే సెయింట్ విగ్రహం కింద కంచు ఫలకం జనం తాకీ తాకీ బంగారంలా మెరుస్తోంది. అమ్మ తనూ తాకి కళ్లకద్దుకుంది.

తిండికి పాతబస్తీ చౌక్ వద్దు. అక్కడ కొన్ని బళ్ల మీద రాసేది 100 గ్రాముల ధర, ప్లేటు చేతికొచ్చాకే అసలు బిల్లు తెలుస్తుంది. మేం జిజ్కోవ్ అనే పేటలో తిన్నాం. మాంసం ముట్టని అమ్మకి వెల్లుల్లి దట్టించిన బంగాళాదుంప అట్లు దొరికాయి, బ్రాంబొరాక్ అంటారు. రెండు అట్లూ కలిపి 180 కొరునాలు అయ్యాయి. రాత్రికి కూడా అక్కడికే పోదామంది.