లక్స్ సిరీస్: మళ్లీ మళ్లీ చదివాక నాకేమనిపించిందంటే

జెన్నిఫర్ ఎల్. ఆర్మెన్‌ట్రౌట్ రాసిన ఏలియన్ రొమాన్స్ నవలలు, లక్స్ సిరీస్, నా దగ్గర చాలా ఏళ్లుగా ఉంది. ఒకసారి వరసగా పూర్తి చేశాక, అప్పటినుంచి బోర్ కొట్టినప్పుడల్లా ఏదో ఒక భాగం తీసి మళ్లీ చదువుతూనే ఉన్నాను. ఈ సిరీస్ పేరెత్తితే అందరూ హీరో డేమన్ బ్లాక్ గురించే మాట్లాడతారు. నా లెక్కలో దీన్ని నిలబెట్టింది "ట్రేస్" అనే ఒక చిన్న రూలు. (కథ కొంత బయటపడుతుంది, ముందే చెప్తున్నా.)

తండ్రి కేన్సర్‌తో పోయాక హీరోయిన్ కేటీ, నర్సుగా పనిచేసే తల్లితో కలిసి ఫ్లోరిడా నుంచి వెస్ట్ వర్జీనియాలో కెటర్‌మన్ అనే చిన్న ఊరికి వస్తుంది. పక్కింట్లో డేమన్, అతని సోదరి డీ. డీ ఇట్టే కలిసిపోయే రకం, ఇతను నోరు తెరిస్తే చేదు. ఇద్దరూ లక్సెన్లు, అంటే కాంతితో ఏర్పడిన జీవులు, మనుషుల రూపంలో తిరుగుతుంటారు. వాళ్లు మనిషి దగ్గర తమ శక్తి వాడితే ఆ మనిషికి కొన్నాళ్లు ఒక వెలుగు అంటుకుంటుంది, అదే ట్రేస్, మన కళ్లకి కనపడదు కానీ వాళ్ల శత్రువులు ఆరమ్‌లకి, ఆ నీడల జాతికి, వెంటనే తెలిసిపోతుంది. ట్రక్కు కింద పడబోతున్న కేటీని డేమన్ కాపాడతాడు, కాపాడినందువల్లే ఆమె ప్రాణం మీదికి వస్తుంది, ఇక ఆ వెలుగు పోయేదాకా ఇష్టం లేకపోయినా అతను ఆమెని అంటిపెట్టుకుని ఉండాల్సిందే! పడని ఇద్దర్ని ఒకచోట ఉంచడానికి రొమాన్స్ కథల్లో ఎన్ని తిప్పలు పడతారో చూస్తుంటాం, ఇక్కడ ఆ కారణం ఏలియన్ల శరీరంలోంచే వచ్చింది.

డేమన్ విషయానికొస్తే, మొదటిసారి చదివినప్పుడు అతని వెటకారం భలే ఉందనిపించింది. ఇప్పుడు చదివితే మొదటి పుస్తకంలో సగం దాకా చిరాకే. తన వాళ్లని కాపాడుకోవాలనే భయం వెనక ఉందని తెలిసినా, కొన్ని మాటలు క్షమించబుద్ధి కాదు. కేటీ తిరిగి వాయిస్తుంది కాబట్టి సరిపోయింది. పైగా ఆమెకి పుస్తకాల బ్లాగు ఉంటుంది, తోటపని ఇష్టం, అబ్బాయి కోసమే పుట్టినట్టు ఉండదు.

సైన్సు మాత్రం వదులుగానే ఉంటుంది. సెనెకా రాక్స్ కొండల్లో ఉన్న బీటా క్వార్ట్జ్ వల్ల లక్సెన్లు ఆరమ్‌లకి దొరకరని చెప్తారు. నిజానికి బీటా క్వార్ట్జ్ 573 డిగ్రీల సెల్సియస్ దాటితేనే నిలుస్తుంది, చల్లబడితే మామూలు క్వార్ట్జ్ అయిపోతుంది. చదివేటప్పుడు ఇదేమీ అడ్డం రాదనుకోండి. ఇంకో సంగతి నాకు సరదాగా అనిపిస్తుంది: 1960లో ఫ్రాంక్ డ్రేక్ వేరే నక్షత్రాల నుంచి సంకేతాలు వస్తాయేమోనని రేడియో టెలిస్కోప్‌తో వెతికిన గ్రీన్ బ్యాంక్ కూడా వెస్ట్ వర్జీనియాలోనే ఉంది. ఆకాశమంతా గాలించినవాళ్లకి పక్క కొండల్లో ఉన్నవాళ్లు తెలియలేదన్నమాట!

2011లో వచ్చిన మొదటి పుస్తకం ఆబ్సిడియన్‌కే నా ఓటు. ఆ పుస్తకం చివర డేమన్ ఆమెని బతికించడంతో కేటీ శరీరం మారడం మొదలవుతుంది, రెండో పుస్తకం ఆనిక్స్ దాన్నుంచే ముందుకెళ్తుంది, కానీ బ్లేక్ అనే కొత్త కుర్రాడు వచ్చాక అతను మంచివాడా కాదా అని మనకి తెలిసిపోయిన విషయాన్ని కేటీ తెలుసుకునేసరికి ఓపిక పోతుంది. మూడోదైన ఓపల్ చివరి పేజీలు చదివి వెంటనే తర్వాతి పుస్తకం తీయకుండా ఉండటం కష్టం. ఆ తర్వాతి ఆరిజిన్‌లో కేటీ, డేమన్ మార్చి మార్చి కథ చెప్తారు, ప్రభుత్వం నడిపే రహస్య ప్రయోగాల భాగం గట్టిగా ఉంది. 2014లో వచ్చిన ఆపొజిషన్‌కి వచ్చేసరికి భూమ్మీద దండయాత్రే అయిపోతుంది, యుద్ధం పెద్దదయ్యేకొద్దీ ట్రేస్ గొడవా, ఆ దగ్గరితనపు టెన్షనూ ఎక్కడో జారిపోయాయి. ముగింపు నచ్చింది, అక్కడిదాకా వెళ్లే దారి తొందరతొందరగా ఉంది.

షాడోస్ అనే చిన్న ప్రీక్వెల్‌తో మాత్రం మొదలుపెట్టకండి. అది డేమన్ సోదరుడు డాసన్, అతని ప్రేయసి బెథనీల కథ, ముందే చదివితే ఆబ్సిడియన్‌లో దాచిపెట్టిన విషయం అక్కడే తెలిసిపోతుంది. మొదటి రెండు పుస్తకాలయ్యాక చదవండి. డేమన్ వైపు నుంచి ఆబ్సిడియన్ కథే చెప్పే ఆబ్లివియన్ మాత్రం అతనంటే పిచ్చి ఉన్నవాళ్లకే, నేను మధ్యలో ఆపేశాను.