మొదటి రోడ్ బైక్ (తారు రోడ్డు మీద వేగంగా తొక్కే సైకిల్): కొత్తదా, సెకండ్ హ్యాండ్‌దా?

డబ్బు: అదే మొత్తానికి కొత్తదైతే వెనక 8 గేర్ల షిమానో క్లారిస్ (షిమానో కంపెనీ చవక రకం గేర్ సెట్) బండి. పాతదైతే అదే కంపెనీ పై రకం గేర్ సెట్ టియాగ్రా, అదృష్టం బాగుంటే ఇంకా పైదైన 105. ఎటైనా హెల్మెట్, పంపు, లైట్ల ఖర్చు తప్పదు. ఆ డబ్బు ముందే పక్కన పెట్టండి.

శ్రమ: కొత్తది ఎక్కి తొక్కడమే. పాతదానికి వెతుకులాట, బేరం, ఆపైన సర్వీసింగ్.

రిస్కు: అసలు తిరకాసంతా ఇక్కడే. పాత బండి చూడ్డానికి స్కేలు పట్టుకెళ్లండి. చైన్‌లో ఒక పిన్ను దగ్గర సున్నా పెట్టి, అక్కడి నుంచి 24వ పిన్ను దాకా కొలవండి. సరిగ్గా 12 అంగుళాలుండాలి. అంగుళంలో 16వ వంతు సాగితే చైన్ మార్చాలి, 8వ వంతు సాగితే క్యాసెట్ (వెనక చక్రానికుండే పళ్ల చక్రాల గుత్తి) కూడా పోయినట్టే. సీట్‌పోస్ట్ (సీటు కింది గొట్టం) కదిపి చూడండి, బిగుసుకుపోయిందంటే తీయడం నరకం. హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కింద ఫ్రేమ్ ముందు గొట్టం) వెల్డింగ్ పక్కన వెంట్రుకంత గీత కనిపించినా వెనక్కి వచ్చేయండి. పాత కార్బన్ ఫ్రేమ్ జోలికి నేనైతే పోను, లోపలి పగులు పైకి కనబడకపోవచ్చు.

సైజు: కొత్తదాంట్లో మీ కొలత ఎంచుకోవచ్చు. పాతదాంట్లో దొరికిందే సైజు. చవకని పెద్ద ఫ్రేమ్ కొంటే నడుము, మెడ ఊరుకోవు.

స్పానర్ పట్టడం వచ్చినా, తెలిసిన మెకానిక్‌ని వెంట తీసుకెళ్లగలిగినా, పాతదే లాభం. ఇవేవీ లేకుండా వచ్చే వారం నుంచే తొక్కాలనుకుంటే కొత్త క్లారిస్ బండి తీసుకోండి.