జాగ్రత్త: టికెట్‌కి ఒక ఎత్తు, రైడ్‌కి ఇంకో ఎత్తు

చంకలో చంటోడు, చెయ్యి పట్టుకుని ఐదారేళ్ళ పిల్ల, ఇలా ఇద్దరు ఉన్నవాళ్ళు ఈ సెలవుల్లో అమ్యూజ్‌మెంట్ పార్కు ఫ్యామిలీ ప్యాకేజీ కొనే ముందు ఇది చదవండి. పార్కు పేరు రాయట్లేదు, మా అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో చెప్తే వేరే వేరే చోట్లకి పోయొచ్చినవాళ్ళు కూడా మాకూ సేమ్ అన్నారు, కాబట్టి ఒక్కళ్ళని తిట్టి లాభం లేదు.

అసలు సంగతి ఎత్తు. మన దగ్గర చాలా పార్కుల్లో టికెట్ వయసుని బట్టి కాదు, 85 సెంటీమీటర్ల లోపు ఫ్రీ, అది దాటితే పిల్లల టికెట్, 140 దాటితే పెద్దవాళ్ళ టికెట్, ఇలా పెడతారు, పార్కుని బట్టి అంకెలు కొంచెం అటూ ఇటూ ఉంటాయి. మా పెద్దది 108. గేటు దగ్గర గోడ మీద గీసిన స్కేలు పక్కన నిలబెట్టి చూశారు, పిల్లల టికెట్ కరెక్టే అన్నారు, బానే ఉంది. లోపలికి పోయాక చూస్తే ప్రతి రైడ్ దగ్గర ఇంకో గీత, ఒకదానికి 120, ఇంకోదానికి 140, పొడుగు స్లైడ్లు అన్నిటికీ ఇదే కథ. అది మునికాళ్ళ మీద లేచి నిలబడి మరీ చూపించింది పాపం, ఆపరేటర్ కుర్రాడు కర్ర అడ్డం పెట్టి నో అన్నాడు. మిగిలినవి రంగులరాట్నం, పిల్లల ట్రైను, గంతులేసే కప్ప ఒకటి, ఆ కప్పకి కూడా మెయింటెనెన్స్ బోర్డు తగిలించి ఉంది.

ఆ కుర్రాడిని నేనేం అనట్లేదు. సేఫ్టీ బార్ పెద్ద ఒంటికి సరిపోయేలా చేస్తారు, చిన్నపిల్ల దాని కిందనుంచి జారిపోవచ్చు, ఆపడం వాడి డ్యూటీ. నా లొల్లి అంతా టికెట్ అమ్మినవాళ్ళతో. బుక్ చేసేటప్పుడు ఫోన్‌లో అమ్మాయిని పాపకి ఐదేళ్ళు అని చెప్పి మరీ అడిగాను, హ్యాపీగా అన్నీ ఎంజాయ్ చేస్తుంది మేడమ్ అంది. రైడ్ల ఎత్తుల లిస్టు ప్యాకేజీ పేజీలో లేదు, ఎక్కడో అడుగున రూల్స్ అని చిన్న అక్షరాల లింకు ఉంది, అందులో ఉంది.

ఇంకోటి, బిల్లు చూడండి. ఫాస్ట్ ట్రాక్ పాస్ ముందే టిక్ పెట్టేసి ఉంది, పిల్లకి కూడా! ఎక్కనివ్వని రైడ్‌కి లైన్ లేకుండా పోవడానికి ఎక్స్‌ట్రా పైసలు అన్నమాట. ఇలా మనం అడక్కుండా బుట్టలో సరుకు దూర్చడం కుదరదని కేంద్రం 2023 నవంబర్‌లో డార్క్ ప్యాటర్న్స్, అంటే ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళని మాయ చేసే ట్రిక్కుల మీద గైడ్‌లైన్స్ ఇచ్చింది, బాస్కెట్ స్నీకింగ్ అంటారు దాన్ని. కౌంటర్‌లో ఈ ముక్క చెప్తే అతను నా మొహం చూసి, నాన్ రిఫండబుల్ మేడమ్, టికెట్ వెనకాల రాసుంది అన్నాడు.

చిన్నోడి సంగతి ఇంకా ఘోరం. వాడికి ఏడు నెలలు, టికెట్ ఫ్రీ, కానీ వాడి ఉగ్గు డబ్బా, వేడినీళ్ళ ఫ్లాస్కు గేటు దగ్గర ఆపేశారు, బయటి ఫుడ్ నాట్ అలౌడ్ అంట. మా అత్తగారు ఊరుకోలేదు, "పసిగుడ్డు తినే ఉగ్గు మీ క్యాంటీన్ల దొరుకుతదా, దొరికితే తీస్కరా పో" అని గట్టిగా అడిగేసరికి వెనకాల లైన్‌లో వాళ్ళు కూడా మాట కలిపారు, అప్పుడు వదిలారు. మ్యాప్‌లో ఫీడింగ్ రూమ్ బొమ్మ ఉంది, పోయి చూస్తే విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు పేర్చిన గది, గడియ పడదు, చివరికి బట్టలు మార్చుకునే చోట చున్నీ అడ్డం పెట్టుకుని పాలివ్వాల్సి వచ్చింది. పూల్‌లో మామూలు డైపర్‌తో దింపనివ్వరు, అది నీళ్ళు పీల్చుకుని సంచిలా ఉబ్బుతుంది కాబట్టి అదీ న్యాయమే, కానీ లోపల షాపులో స్విమ్ డైపర్ దొరకదు, పెద్దవాళ్ళ నైలాన్ డ్రెస్సులు మాత్రం గుట్టలు. నీడ కూడా తక్కువ, ఏప్రిల్ మే ఎండలో మధ్యాహ్నం చంటిపిల్లల్ని తిప్పేది కానే కాదు, ఆరు నెలల లోపు పిల్లలకైతే సన్‌స్క్రీన్ కూడా వద్దు, నీడే దిక్కు అంటారు డాక్టర్లు.

పెద్దవాళ్ళ టికెట్లు కూడా సగం దండగే. ఒకళ్ళు ఎక్కితే ఒకళ్ళు పిల్లల్ని పట్టుకోవాలి, తర్వాత రెండోవాళ్ళు మళ్ళీ లైన్ మొదటినుంచి నిలబడాలి. డిస్నీ పార్కుల్లో దీనికి రైడర్ స్విచ్ అని ఒక పద్ధతి ఉంది, ఒకళ్ళు దిగాక రెండోవాళ్ళని పెద్ద లైన్ లేకుండా పంపిస్తారు. ఇక్కడ అడిగితే అట్లాంటిదేం లేదు అన్నారు. మా అత్తగారైతే పెద్ద టికెట్ కొని బెంచీ మీద బ్యాగులకి కాపలా.

నీళ్ళ సీసా 20ది 50కి అమ్మారు. ప్యాకేజీ సరుకు ఎమ్మార్పీ దాటి అమ్మకూడదు, ఒకే సరుకుకి రెండు ఎమ్మార్పీలు వెయ్యడం కూడా 2018 జనవరి నుంచి బంద్. కూర్చోబెట్టి వడ్డించే హోటళ్ళ లెక్క వేరే, వాళ్ళకి 2017లో సుప్రీంకోర్టు వెసులుబాటు ఇచ్చింది, కానీ ఇది రోడ్డు మీద కొట్టులాంటి కౌంటరే కదా. బిల్లు అడిగి తీసుకోండి, సీసా ఫోటో తీయండి, తూనికలు కొలతల శాఖకి కంప్లైంట్ ఇవ్వొచ్చు.

మీరు బుక్ చేసేముందు ఫోన్ చేసి ఒక్కటే అడగండి, మా పిల్ల ఇన్ని సెంటీమీటర్లు, ఏ రైడ్లు ఎక్కనిస్తారు, పేర్లు చెప్పండి అని. నోటిమాట కాదు, వాట్సాప్‌లో పెట్టమనండి. బేబీ ఫుడ్, ఫ్లాస్కు గురించి కూడా అందులోనే రాయించుకోండి. పిల్ల 120 దాటేదాకా ఆగగలిగితే ఇంకా మంచిది, అప్పటిదాకా హైదరాబాద్‌లో జూపార్క్ ఉంది, టాయ్ ట్రైన్ ఉంది, చెట్ల నీడ ఉంది, ఎవరూ కర్రతో కొలవరు, సోమవారం మాత్రం సెలవు.

మేం నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ పెట్టాం, బుకింగ్ స్క్రీన్‌షాట్లు, బిల్లు అన్నీ ఇచ్చాం. పార్కు వాళ్ళ దగ్గరనుంచి మెయిల్ వచ్చింది, సారీ అంట, నెక్స్ట్ విజిట్‌కి డిస్కౌంట్ కూపన్ అంట, అదీ పెద్దవాళ్ళ టికెట్ మీదే, వీక్‌డేస్‌లో. మాకొద్దు, పైసలు కావాలని రిప్లై పెట్టాం. ఏమన్నా తేలితే కింద రాస్తా.