ఖాళీ స్థలంపై ఫిర్యాదు: మున్సిపాలిటీ సేవ ఎంతవరకు పనికొచ్చింది

మా ఇంటి పక్కన ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోని ఒక ఖాళీ స్థలం ఉంది. నడుము ఎత్తు పెరిగిన పిచ్చిమొక్కలు, రాత్రివేళ ఎవరో తెచ్చి పోసిన గోడల శిథిలాలు, టైర్లలో గాలి పోయి నేలకు అంటుకుపోయిన ఒక పాత కారు, దాని వెనక గుట్టగా పడేసిన అరడజను టైర్లు అందులో ఉండేవి. దీనిపై మున్సిపాలిటీకి ఫిర్యాదు చేసి ఆరు నెలలైంది. ఇలాంటి స్థలం పక్కన ఉంటున్నవారు ఈ సేవను వాడాలా వద్దా అని అడిగితే వాడమనే చెబుతాను. అయితే ఫిర్యాదు నమోదు చేసి ఊరుకుంటే సరిపోదని, ఏ రోజుకు ఏ పని జరగాలో మనమే లెక్క పెట్టుకుని వెంటపడాలని కూడా చెప్పవలసి ఉంటుంది.

ముందుగా బాగున్నవి చెబుతాను. ఫోటోలు జతచేసి ఫిర్యాదు నమోదు చేయడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు, ఫిర్యాదు నంబరు వెంటనే వచ్చింది. మూడో రోజున శానిటరీ ఇన్‌స్పెక్టర్ స్వయంగా వచ్చి మొక్కల ఎత్తు కొలిచి, కారు నంబరు ప్లేటును, ఛాసిస్ నంబరును రాసుకుని, శిథిలాలను నాలుగు వైపుల నుంచీ ఫోటో తీసుకున్నారు. ఫిర్యాదు చేసినది ఎవరో ఎక్కడా బయటపెట్టలేదు. ఇరుగుపొరుగు మధ్య మాటపట్టింపులు రాకుండా ఉండాలంటే ఇది చాలా అవసరం. గేటుకు అంటించిన నోటీసులో ఏ నిబంధన ఉల్లంఘన జరిగిందో, ఏమేమి తొలగించాలో, ఎన్ని రోజుల్లో తొలగించాలో, అభ్యంతరం ఉంటే ఎవరికి రాసుకోవాలో అన్నీ స్పష్టంగా ఉన్నాయి. గడువులోగా యజమాని శుభ్రం చేయకపోతే మున్సిపాలిటీయే ఆ పని చేయించి, అయిన ఖర్చును ఆస్తి పన్నుకు కలుపుతుందని కూడా రాశారు. ఈ ఒక్క ఏర్పాటు మీదే మొత్తం సేవ నిలబడి ఉందని నా అభిప్రాయం. యజమాని ఏ ఊళ్లో ఉన్నా, ఫోన్ ఎత్తకపోయినా, స్థలం ఎక్కడికీ పోదు కాబట్టి బాకీ దాని మీదే ఉంటుంది. ఎప్పుడో ఒకనాడు అమ్మబోయినప్పుడైనా అది తీర్చక తప్పదు.

ఇక లోపం గడువు దగ్గర ఉంది. మొక్కలకు, టైర్లకు, శిథిలాలకు, కారుకు కలిపి ఒకే నోటీసులో 30 రోజులు ఇచ్చారు. కాగితం మీద అది అందరికీ సమానంగా కనిపిస్తుంది గానీ, ఆ నాలుగింటి స్వభావం ఒకటి కాదు.

ఆ స్థలంలో ఎక్కువగా ఉన్నది వయ్యారిభామ. క్యారెట్ ఆకులాంటి ఆకు, చిన్న చిన్న తెల్లటి పూలు గల ఈ మొక్క పుప్పొడి వల్ల కొందరికి తుమ్ములు, ఆయాసం వస్తాయి, తాకితే చర్మం మీద దద్దుర్లు లేస్తాయి. ఇది మొలిచిన నాలుగు నుంచి ఆరు వారాల్లోనే పూతకు వస్తుంది, బాగా పెరిగిన ఒక్క మొక్క 15,000కు పైగా గింజలు రాల్చగలదు. నేను ఫిర్యాదు చేసిన రోజున మొగ్గలు మాత్రమే ఉన్నాయి. గడువు ముగిసి, మరో వారం గడిచాక పనివాళ్లు గడ్డి కోసే యంత్రంతో వచ్చేసరికి గింజలు పండి ఉన్నాయి. యంత్రం వాటిని స్థలమంతా వెదజల్లింది. రెండు వానలు పడగానే మళ్లీ అదే పచ్చదనం లేచింది. పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతులకు తొడుగులు వేసుకుని వేరుతో సహా పీకేయడమే దీనికి తగిన పద్ధతి. గేటు పక్కన పెరిగిన తుంగ సంగతి మరొకటి. దాని గడ్డలు మట్టిలో ఉంటాయి కాబట్టి పైన ఎన్నిసార్లు కోసినా తిరిగి చిగురిస్తుంది. నిబంధనలో మొక్కల ఎత్తు గురించి తప్ప మొక్క ఏది అన్నదాని గురించి ఒక్క మాట కూడా లేకపోవడం నాకు బాధ కలిగించింది.

టైర్ల విషయం ఇంకా తీవ్రమైనది. పనికి వచ్చిన వారిలో ఒక పెద్దాయన టైరును వంచి, అందులోని నీటిని ఒక ప్లాస్టిక్ మూతలో పట్టి నాకు చూపించారు. ఆ కాస్త నీటిలో సన్నటి దారపు ముక్కల్లా దోమ లార్వాలు గిలగిల కొట్టుకుంటున్నాయి. "నీళ్లు పారబోస్తే సరిపోదండీ, లోపల గట్టిగా రుద్దాలి, గుడ్లు గోడకే అంటుకుని ఉంటాయి" అన్నారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ నీటి అంచుకు కాస్త పైన గుడ్లు పెడుతుంది. అవి నెలల తరబడి ఎండిపోయి ఉన్నా, మళ్లీ నీటిలో మునగగానే పగిలి లార్వాలు బయటికి వస్తాయి. వేడి వాతావరణంలో గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. అంటే 30 రోజుల గడువులో మూడు విడతల దోమలు లేచిపోగలవు. నీరు నిలిచే వస్తువులకు రెండు మూడు రోజులకు మించి గడువు ఇవ్వడం సరికాదు.

కారు విషయంలో మాత్రం ఆలస్యాన్ని నేను తప్పుపట్టను. వెంటనే ఎత్తుకుపోవాలని మా వీధివారు కోపగించుకున్నారు గానీ, అది మరొకరి ఆస్తి. దాని మీద అప్పు ఉండవచ్చు, కేసు ఉండవచ్చు, యజమాని చనిపోయి వారసులు ఎవరో తేలకపోయి ఉండవచ్చు. రిజిస్ట్రేషన్ వివరాలు తెప్పించి, నోటీసు పంపి, జవాబు కోసం ఆగడం న్యాయమే. ఈలోగా కనీసం బ్యాటరీనైనా తీయించి ఉండవలసింది. అందులో సీసం, గంధకామ్లం ఉంటాయి. రేడియేటర్‌లో పోసే కూలెంట్‌లో తరచుగా వాడే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం, అది కారితే నాకిన కుక్కలు, పిల్లులు చనిపోవచ్చు.

నాకు నిజంగా కష్టం కలిగించినది మరొకటి ఉంది. మొక్కలు కోసిన రోజు సాయంత్రమే, గేటు దగ్గర నిలబడి తీసిన ఒక్క ఫోటో ఆధారంగా నా ఫిర్యాదును పరిష్కారమైనట్లు చూపి మూసేశారు. ఆ ఫోటోలో కారు వెనకున్న టైర్లు కనిపించవు. లోపలి నుంచి తీసిన ఫోటోలతో మళ్లీ తెరిపించాను. రెండోసారి వచ్చిన సిబ్బంది టైర్లన్నీ లారీకి ఎక్కించి, శిథిలాలు కూడా ఎత్తివేశారు. కాబట్టి ఫిర్యాదు చేసేవారు మొక్కలకు, నీరు నిలిచేవాటికి, వాహనానికి వేర్వేరు ఫిర్యాదులు పెట్టడం మంచిది. అప్పుడు ఒకటి ముగిసినా మిగిలినవి మూతపడవు.

కారును నాలుగో నెల చివర క్రేన్‌తో తీసుకెళ్లారు. అది ఉన్నచోట మట్టి ఆయిల్ పీల్చుకుని జానెడు లోతున నల్లబడి ఉంది. ఆ మట్టిని తొలగించడం ఎవరి బాధ్యతో నోటీసులో లేదు. అది అడుగుతూ గత వారం కొత్త ఫిర్యాదు నమోదు చేశాను.